తరుగు

కాశీబుగ్గలో జీడి బట్టీల వెనక వీధి మాది.
ఇరవై రెండేళ్లుగా పప్పు పొట్టు తీస్తున్నాను.
గుప్పిట్లోకి పలుకులు తీసుకుంటే
ఎన్ని గ్రాములో వేళ్లే చెబుతాయి.
కళ్లు మూసుకుని మూడొందల ఇరవై రకాన్ని
రెండొందల నలభై నుంచి విడదీస్తాను.
అలాంటిదాన్ని పట్టుకుని
"కంటి కొలత నమ్మకు పిన్నీ" అంది నీలవేణి.

మోకాళ్లు మెట్లెక్కనంటే డాక్టరమ్మ రాసిచ్చింది:
పూటకి నూట యాభై గ్రాముల అన్నం,
రోజంతటికీ మూడు చెంచాల నూనె,
మొత్తం మీద పదమూడొందల కేలరీలు.
మూడు నెలలు ఆ లెక్కనే తిన్నాను,
తిన్నాననుకున్నాను.
ఆసుపత్రి మిషను మీద ముల్లు కదల్లేదు.
డెబ్భై తొమ్మిది దగ్గర
చెప్పులో దిగిన మేకులా ఉండిపోయింది.
గాలి పీల్చినా ఒళ్లొచ్చే జాతకం నాదని
తవిటమ్మ దగ్గర ఏడ్చి,
ఆ ఏడుపులోనే నాలుగు చేగోడీలు తిన్నాను.

మందుల షాపులో పనిచేసే నీలవేణి
పలకంత కాటా తెచ్చి గట్టు మీద పెట్టింది.
ముందు ఉత్త గిన్నె పెట్టి మీట నొక్కింది.
సున్నా.
"గిన్నె బరువు గిన్నెదే, నీ ఖాతాలోకి రాదు."
నాకు నవ్వొచ్చింది.
మా షెడ్డులో గోనెసంచి బరువూ, చెమ్మ బరువూ
మా కూలిలోంచే పోతాయి.
కిలోకి నలభై గ్రాములు తరుగు.
ఎందుకని అడిగితే
"తరుగంటే తరుగే" అంటాడు లోకనాథం మేస్త్రి.

నా నూట యాభై అన్నం
రెండొందల పాతిక తూగింది.
చెంచా అనుకుని నేను వంచేది పోపు గరిటె,
పధ్నాలుగు గ్రాములు, చెంచాకి మూడింతలు.
పది బద్దలేగా అని పొద్దువాలాక నవిలేవి
ముప్పై ఎనిమిది గ్రాములు,
రెండొందల కేలరీల పైమాట.
"కాటా సెడిపోనాది, మళ్లీ ఎట్టవే" అన్నాను.
మళ్లీ పెట్టింది. అదే అంకె.

ఆ రాత్రి లైటు కింద అరచెయ్యి చూసుకున్నాను.
జీడి సొనకి నల్లబడి, గీతలు చెరిగిన చెయ్యి.
పరాయి సరుకు దగ్గర గ్రాము పొల్లుపోనిది
నా కంచం దగ్గరే ఎందుకు తప్పింది?

పదిహేడేళ్ల గుంట ఒకతె గుర్తొచ్చింది.
మొదటి శనివారం,
"ఐదు కిలోలు బాబూ" అని సంచి ఎత్తితే
నాలుగూ ఎనిమిదొందలని రాసుకున్నారు.
ఆ రెండొందలూ అప్పట్నుంచీ
ఈ చెయ్యి నా కంచంలోనే
వసూలు చేసుకుంటోందేమో,
ఎవర్నీ అడక్కుండా, ఎక్కడా రాయకుండా.

ఇప్పుడు చోడిపిండి నలభై.
ఆవ పెట్టిన పనసపొట్టు వంద.
నూనె, చుక్క చుక్కకీ అంకె చూస్తూ.

ఓ శనివారం కాటా నా కేరేజీ సంచిలో షెడ్డుకొచ్చింది.
"ఇదేటే?" అన్నాడు లోకనాథం.
"కూర తూసుకుని తింతన్నాను బాబూ,
డాక్టరమ్మ సెప్పింది."
మధ్యాహ్నం నిజంగానే కూర తూచాను,
అందరూ చూసి నవ్వారు.
సాయంత్రం తవిటమ్మ మాట్లాడకుండా
తన పప్పు సంచి తెచ్చి దాని మీద పెట్టింది.
పధ్నాలుగు మంది ఆడవాళ్లం
ముందు అంకె వైపు చూశాం,
తర్వాత అతని వైపు.
చెవి గోక్కున్నాడు.
"ఈ వారానికి ఇరవై" అన్నాడు.
వచ్చే వారం సంగతి వచ్చే వారం.

మొన్న ముల్లు డెబ్భై ఏడు చూపించింది.
మెట్లు ఇంకా నొప్పే, కాని ఎక్కుతున్నాను.
తిన్న ప్రతిదీ తూచి
నీలవేణి ఇచ్చిన పుస్తకంలో రాస్తున్నాను.
నువ్వుండలు చుట్టిన రోజు
పాకం గరిటె నాకిన సంగతి మాత్రం రాయలేదు.
అది తరుగు.